తండ్రి పేరట దేవాలయము



మన గ్రామ సంఘములలో ఏ దేవాలయములోనికి వెళ్లినను మొదట కంటపడునవి పేర్లే. ఫ్యాను రెక్కల మీద పేర్లు, ట్యూబులైటు పట్టీల మీద పేర్లు, బెంచీల వెనుక పేర్లు, గోడలో పొదిగిన నల్లరాతి పలకల మీద పేర్లు. తల్లిదండ్రుల జ్ఞాపకార్థము అని, కీర్తిశేషులైన మా నాన్నగారి జ్ఞాపకార్థము అని వ్రాసియుండును. కరెంటు పోయి ఫ్యాను ఆగినప్పుడే ఆ పేరు చదువుటకు వీలగును. తిరుగుచున్నంతసేపు అది ఎవరిదో తెలియదు, గాలి మాత్రము అందరికిని వచ్చును.

ఈ పలకలను గూర్చి సంఘ పెద్దలును యౌవనస్థులును మమ్మును అడుగుచునే యున్నారు. కువైటులోనో దుబాయిలోనో కష్టపడి సంపాదించిన బిడ్డ, చనిపోయిన తండ్రి పేరట గుడికి ఏదైన చేయవలెనని డబ్బు పంపును. అంతవరకు మంచిదే. తరువాత రాయి ఎక్కడ పెట్టవలెను, వాకిట ప్రక్కనా బలిపీఠము ప్రక్కనా, అక్షరములు ఎంత పెద్దవి, పక్కింటివారి రాయికంటె పైన ఉండవలెనా క్రింద ఉండవలెనా అను సంగతులు వచ్చును. పెద్దల కూటము రాత్రి పదకొండు గంటల వరకు సాగును. కానుక ఇచ్చినవారి మనస్సును నొచ్చును, ఇయ్యలేనివారి మనస్సును నొచ్చును. కొందరు యౌవనస్థులు అసలు రాళ్లే వద్దందురు. రాయి పాపమని మేము చెప్పము. యొర్దాను దాటినప్పుడు యెహోషువ పన్నెండు రాళ్లు నిలువబెట్టించలేదా? అయితే ఈ నెల ఈ విషయమును వాదముగా వ్రాయక, తన తండ్రి జ్ఞాపకార్థము ఒక దేవాలయమునే కట్టించిన ఒక స్త్రీ చరిత్రను మీ ముందు పెట్టుచున్నాము. ఆమె మన దేశస్థురాలు కాదు, ఇంగ్లండు దేశపు మనిషి. పేరు ఏంజెలా బర్డెట్ కూట్స్.

ఆమె 1814 ఏప్రిల్ 21న లండను పట్టణములో పుట్టెను. తండ్రి సర్ ఫ్రాన్సిస్ బర్డెట్, తల్లి సోఫియా. ఒక కుమారుడు, ఐదుగురు కుమార్తెలు గల ఇంటిలో ఈమె కడగొట్టు బిడ్డ. తల్లి తండ్రియైన థామస్ కూట్స్ ఆ కాలములో ఇంగ్లండులో పేరుపొందిన బ్యాంకు యజమాని. రాజకుటుంబము వారు సైతము ఆయన బ్యాంకులోనే లెక్క పెట్టుకొనెడివారు.

తండ్రిని గూర్చి కొంచెము చెప్పవలెను, లేకపోతే దేవాలయము సంగతి అర్థము కాదు. ఫ్రాన్సిస్ బర్డెట్ ధనవంతుడై పుట్టినను పేదల పక్షముగా మాటలాడిన మనిషి. పార్లమెంటును సంస్కరించవలెనని, సైనికులను కొరడాలతో కొట్టుట మానవలెనని, రోమను కతోలికులకు సమాన హక్కులు ఇయ్యవలెనని వాదించెను. 1810లో పార్లమెంటు సభ ఆయనను పట్టుకొని లండను కోటలో పెట్టవలెనని ఆజ్ఞ ఇచ్చెను. ఆయన లొంగక ఇంటి తలుపులు వేసికొని కొన్ని దినములు కూర్చుండెను. వీధిలో జనము గుమిగూడిరి. కడకు సైనికులు బలవంతముగా లోపలికి ప్రవేశించినప్పుడు, ఆయన తన చిన్న కుమారునికి ప్రజల హక్కుల పత్రమైన మాగ్నా కార్టాను చదివి వినిపించుచుండెనని చెప్పుదురు. మరల పీటర్లూలో పేదల సభపై గుఱ్ఱపు దళము పడి మనుష్యులను చంపినప్పుడు దానిని ఖండించి ఉత్తరము వ్రాసినందున మూడు నెలల చెర, జుల్మానా పడెను. ఇట్టివానిని 1807 నుండి 1837 వరకు ముప్పది ఏండ్లు పార్లమెంటుకు పంపినవారు లండనులోని వెస్ట్‌మినిస్టర్ ప్రజలు. ఆ దినములలో సామాన్య గృహస్థులకు కూడ ఓటు ఉండిన కొద్ది స్థలములలో అది ఒకటి. ఈ సంగతి గుర్తుంచుకొనుడి.

ఏంజెలాకు ధనము వచ్చిన విధము కథవలె ఉండును. తాతగారు ముసలితనములో హారియట్ మెల్లన్ అను నాటకాల నటిని రెండవ భార్యగా చేసికొనెను. బంధువులందరు మొగము తిప్పుకొనిరి. తాత 1822లో చనిపోవుచు తన ఆస్తియంతయు ఆమెకే వ్రాసెను. ఆమె తరువాత ఒక డ్యూకును వివాహమాడినను ఆస్తి తన చేతిలోనే ఉంచుకొని, మనవలను మనవరాండ్రను ఒకరి తరువాత ఒకరిని కనిపెట్టి చూచెను. 1837లో ఆమె చనిపోయి విల్లు తెరచినప్పుడు, దాదాపు 18 లక్షల పౌండ్ల ఆస్తి మీది హక్కు ఇరువది మూడేండ్ల ఏంజెలాకు వచ్చెను. రెండు షరతులు ఉండెను: కూట్స్ అను ఇంటిపేరు పెట్టుకొనవలెను, పరదేశిని వివాహమాడరాదు. ఆ రెండవ షరతు సంగతి తరువాత చెప్పుదుము.

అంత చిన్న వయస్సులో అంత ధనము వచ్చినవారు ఏమగుదురో మనకు తెలియును. పెండ్లి సంబంధములకు కొదువ లేదు. ఒక వకీలైతే ఎన్నో ఏండ్లు వెంటపడి వేధించెను. ఆమెకు అండగా నిలిచినది హన్నా మెరెడిత్ అను ఆమె ఉపాధ్యాయిని. భక్తిగల స్త్రీ. ఏంజెలాకు చదువు చెప్పుటకు ఇంటికి వచ్చి, వివాహమైన తరువాత కూడ ప్రక్క ఇంటిలోనే ఉండి, చనిపోవు వరకు విడిచిపెట్టలేదు. ఏంజెలాకు ప్రార్థన అలవాటు, బైబిలు పఠనము చాలమట్టుకు ఈ ఉపాధ్యాయిని యొద్దనే అబ్బెను. మన ఆదివారపు బడి టీచర్లు ఈ వాక్యమును రెండుసార్లు చదువుకొనవచ్చును.

1844 జనవరిలో తల్లి సోఫియా చనిపోయెను. ఫ్రాన్సిస్ బర్డెట్ ఆ దుఃఖమును ఓర్చుకొనలేక అన్నము ముట్టక, ఆమె వెనుక పది దినములకే తానును కన్నుమూసెను. ఇద్దరిని విల్ట్‌షైర్ ప్రాంతములో రామ్స్‌బరీ గ్రామపు దేవాలయమునందు, కుటుంబపు సమాధి గదిలో, ఒకే దినమున పెట్టిరి. ఇంగ్లండులో పాత కుటుంబముల ఆచారము ఇదే. గ్రామ దేవాలయపు నేల క్రింద తరతరముల వారి సమాధులు, గోడల మీద పాలరాతి పలకలు, పడుకొనియున్న మనుష్యుల ఆకారముతో చెక్కిన రాతి బొమ్మలు. కొన్ని గ్రామములలో ఆరాధించు జనము కంటె రాతి మనుష్యులే ఎక్కువగా కనబడుదురు.

ఏంజెలా కూడ ఆ గ్రామములోనే తండ్రికి గొప్ప పాలరాతి సమాధి కట్టించి ఊరకుండవచ్చును. ఎవరు అడ్డు చెప్పెదరు? అయితే ఆమె తన తండ్రి జ్ఞాపకము రామ్స్‌బరీలో కాదు, ఆయనను ముప్పది ఏండ్లు ఎన్నుకొనిన వెస్ట్‌మినిస్టర్ పేదల మధ్య ఉండవలెనని తీర్మానించెను. నిజమునకు ఫ్రాన్సిస్ బర్డెట్ కడవరి ఏండ్లలో పక్షము మార్చెను, పాత స్నేహితులు ఆయనను నిందించిరి, ఆయనయు వెస్ట్‌మినిస్టర్ స్థానమును విడిచి వేరు చోటికి వెళ్లెను. తండ్రి విడిచివెళ్లిన ప్రజల యొద్దకు కుమార్తె తిరిగి వెళ్లెనని మేము అనుకొనుచున్నాము.

వెస్ట్‌మినిస్టర్ అనగానే పార్లమెంటు భవనము, రాజులకు పట్టాభిషేకము జరుగు గొప్ప దేవాలయము గుర్తు వచ్చును. ఆ కాలములో వాటికి ప్రక్కనే లండనులో అతి దరిద్రమైన పేటలలో ఒకటి ఉండెను. దానిని జనము దయ్యపు ఎకరము అని పిలిచెడివారు. ఒక్కొక్క గదిలో రెండు మూడు కుటుంబములు, మురుగు పారుటకు దారి లేదు, పిల్లలకు బడి లేదు, దొంగలకును త్రాగుబోతులకును అది ఆశ్రయము. దానికి సమీపముగా, రోచెస్టర్ రో అను వీధిలో, 1847 జూలై 20న ఏంజెలా పరిశుద్ధ స్తెఫను దేవాలయమునకు పునాదిరాయి వేసెను. బెంజమిన్ ఫెర్రీ అను శిల్పి నమూనా గీసెను. 1850లో అది ప్రతిష్ఠించబడెను. దేవాలయము, గురువు ఇల్లు, బడులు, వాటి పోషణకు ఉంచిన మూలధనము కలిపి 90,000 పౌండ్లకు పైగా అయ్యెనని లెక్క చెప్పుదురు.

ఇక్కడ ఒక మాట. మన గ్రామములలో గుడి కట్టించువారున్నారు. కట్టించిన తరువాత దీపమునకు నూనె ఎవరు పోయుదురు, కాపరికి జీతము ఎవరు ఇత్తురు అని ఆలోచించువారు తక్కువ. ప్రతిష్ఠ దినమున బిషపుగారు వచ్చుదురు, పెద్ద భోజనము జరుగును, మూడేండ్లకు పైకప్పు కారును. ఏంజెలా గోడలు కట్టి తాళము చేతికి ఇచ్చి పోలేదు. గురువు జీతమునకు, బడి ఉపాధ్యాయుల జీతములకు ముందే ఏర్పాటు చేసెను. తాను బ్రదికియున్నంత కాలము ఆ సంఘమును కనిపెట్టెను. పనివారికి సంఘములు, త్రాగుడు మానినవారికి కూడికలు, పొదుపు కూటములు దాని చుట్టును పెరిగెను. 1893లో అదే ప్రాంతములో యువకులకు చేతిపనులు నేర్పు సాంకేతిక పాఠశాలను కూడ తెరచెను. నేటికిని ఆ ప్రాంతములో ఆమె పేరుతో పిల్లల బడి ఉన్నది.

ఆ దేవాలయములో మన దేశమునకు సంబంధించిన వస్తువు ఒకటి చేరెను. 1799లో శ్రీరంగపట్టణము పడినప్పుడు టిప్పు సుల్తాను గుడారములో నుండి తీసికొనిన పట్టు తెరగుడ్డను వెల్లింగ్టన్ డ్యూకు ఈ దేవాలయపు బల్లకు కానుకగా ఇచ్చెను. ఆ యుద్ధములో ఆయన అధికారిగా ఉండెను. ఏంజెలాకు అతి దగ్గర స్నేహితుడు కూడ. ఈ సంగతి చదివినప్పుడు మాకు మనస్సు చివుక్కుమనెను. యుద్ధములో దోచిన సొమ్ము ప్రభువు బల్ల మీద పరచుట ఆ కాలపు దొరలకు తప్పుగా తోచలేదు. ఇంతకును ఈ డ్యూకునే, ఆయనకు డెబ్బది ఏడేండ్లు ఉండగా, ముప్పది రెండేండ్ల ఏంజెలా తనను వివాహము చేసికొమ్మని అడిగెను. నేను నీకు తాత వయస్సువాడనని ఆయన మర్యాదగా తప్పించుకొనెను. స్నేహము మాత్రము చెడలేదు.

స్తెఫను దేవాలయములో ఆమె మరొక జ్ఞాపకమును కూడ ఉంచెను. ఆ ఉపాధ్యాయిని హన్నా, డాక్టరు విలియం బ్రౌన్ అను వైద్యుని వివాహమాడి యుండెను. 1855లో ముగ్గురును ఫ్రాన్సు దేశములో ప్రయాణము చేయుచుండగా డాక్టరుగారు చనిపోయెను. ఆయన దేహమును ఇంగ్లండునకు తెప్పించి ఈ దేవాలయపు నేల క్రిందనే సమాధి చేయించిరి. ఆ ఏర్పాట్లలో ప్రసిద్ధ రచయిత చార్లెస్ డికెన్స్ సహాయపడెను. 1878లో హన్నా కూడ చనిపోయినప్పుడు అక్కడనే భర్త ప్రక్కన పెట్టిరి. తన తండ్రి పేరట కట్టిన దేవాలయములో తన ఇంటి పంతులమ్మకు చోటు ఇచ్చినది. జీతము తీసికొని పనిచేసిన మనిషికి కుటుంబపు సమాధిలో చోటు! మన ఇండ్లలో ఎన్నో ఏండ్లు చాకిరీ చేసిన ముసలమ్మ చనిపోయినప్పుడు ఆమె పేరు ఏ ఫ్యాను మీద చూచితిమి?

డికెన్స్ పేరు వచ్చినది గనుక చెప్పుచున్నాము. ఏంజెలా దానములలో ఎన్నో ఆయన చేతి మీదుగా, ఇచ్చినవారి పేరు బయటికి రాకుండ జరిగినవి. సహాయము కోరి ఆమెకు వచ్చు ఉత్తరములు కుప్పలు. ఆయన వెళ్లి విచారించి, నిజమైన అక్కరగలవారెవరో తెలిసికొని చెప్పెడివాడు. వీధులలో చెడిపోయిన స్త్రీలకు 1847లో వారిద్దరు యురేనియా కాటేజి అను ఆశ్రమము తెరచిరి. అక్కడ వారిని నిందించక, వంట, కుట్టు, చదువు నేర్పి, ఇతర దేశములలో క్రొత్త జీవితము మొదలుపెట్టుటకు పంపించిరి. ఆ ఆశ్రమమునకు ఆమె పేరు పెట్టలేదు.

స్తెఫను దేవాలయమునకు పునాది వేసిన 1847లోనే దక్షిణ ఆఫ్రికాలోని కేప్‌టౌను, ఆస్ట్రేలియాలోని అడిలైడు పట్టణములలో బిషపు పీఠములకు ఆమె మూలధనము ఇచ్చెను. పునాదిరాయికి మూడు వారముల ముందే ఆ ఇద్దరు క్రొత్త బిషపులు అభిషేకము పొందిరి. పది పన్నెండేండ్ల తరువాత కెనడాలోని బ్రిటిష్ కొలంబియాకు కూడ అట్లే చేసెను. ఇంగ్లండు ఉత్తరమున కార్లైల్ పట్టణములో మరొక స్తెఫను దేవాలయము కట్టించెను. యెరూషలేములో మంచినీరు లేక జనము రోగములపాలగుచున్నారని విని, నీటి సదుపాయము కొరకు ఆ పట్టణమును కొలిపించుటకు 500 పౌండ్లు ఇచ్చెను. 1864, 1865 సంవత్సరములలో చార్లెస్ విల్సన్ అను అధికారి చేసిన ఆ కొలతల వలననే యెరూషలేము పటము మొదటిసారిగా సరిగా తయారయ్యెను. నీళ్లు రాలేదు గాని పటము వచ్చెను. బైబిలు పండితులకు అది గొప్ప సాధనమాయెను.

ఆమె చేసినదంతయు సరిపోయెనని చెప్పుట న్యాయము కాదు. బిషపు పీఠముల విషయములోనే తగవు వచ్చెను. 1860 తరువాత ఆ దూరదేశపు సంఘములు తమ పరిపాలన తామే చేసికొనవలెనని కోరినప్పుడు ఏంజెలా ఒప్పుకొనలేదు. ఇంగ్లండు సంఘమునకును రాణికిని లోబడియుండు పీఠములకే నేను ధనమిచ్చితినని ఆమె వాదము. ఆమె మాట నిలువలేదు. ఆ సంఘములు తమ కాళ్ల మీద తాము నిలిచినవి. మన దేశములో కూడ పరదేశపు విశ్వాసుల కానుకలతో కట్టిన దేవాలయములు, ఆసుపత్రులు, బడులు ఎన్నో ఉన్నవి. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు వాటి భారము మన చేతికి వచ్చెను. ఇచ్చినవారి ఇష్టమునకును, పొందినవారి స్వాతంత్ర్యమునకును మధ్య ఎప్పుడును కొంత పెనుగులాట ఉండును. ఊరి గుడికి బోరింగు వేయించినవాడు నీళ్లు ఎవరు పట్టుకొనవచ్చునో తానే చెప్పుదుననుట మనకు తెలియని సంగతి కాదు.

రెండవది కొలంబియా మార్కెట్. లండను తూర్పు భాగములో పేదలు కుళ్లిన సరుకును హెచ్చు వెలకు కొనుచున్నారని, వారి కొరకు 1869లో గొప్ప అంగడి భవనము కట్టించెను. రెండు లక్షల పౌండ్ల ఖర్చు. దేవాలయమువలె గోపురములు, గంటలు, గోడల మీద మంచి మాటలు. ఆదివారము అమ్మకము లేదు. బండ్లవారు అటు తొంగి చూడలేదు. వీధిలో అరచి అమ్ముకొనుటయే వారికి అలవాటు, ఆదివారమే వారికి బేరము. టోకు వ్యాపారులును సహకరించలేదు. ఆ భవనము వెలవెలబోయి, కడకు 1958 తరువాత పడగొట్టబడెను. అక్కడి మనుష్యులను ముందుగా కూర్చుండబెట్టి అడిగియుంటే అంత ఖర్చు తప్పియుండునని మా అభిప్రాయము. ఐర్లండు జాలరుల విషయములో ఆమె అట్లు చేయలేదు. వారికి పడవలు కొనుటకు అప్పు ఇచ్చెను, వారు తీర్చిరి. వారి పిల్లలకు 1887లో బాల్టిమోర్ అను రేవులో చేపల వేట నేర్పు బడి తెరచెను. అది ఉపకారముగా నిలిచెను. ఊరక ఇచ్చిన దానికంటె అప్పుగా ఇచ్చి నమ్మినది జాలరులకు గౌరవముగా తోచియుండును.

జ్ఞాపకార్థముల సంగతికి తిరిగి వచ్చుదుము. లండనులో సెయింట్ పాంక్రాస్ అను పాత దేవాలయము చుట్టునున్న సమాధుల దొడ్డిని 1877లో ప్రజలకు తోటగా మార్చిరి. అంతకు ముందే రైలు దారి కొరకు అక్కడి సమాధులు ఎన్నో త్రవ్వివేయబడినవి. ఆ సమాధులలో ఫ్రాన్సు విప్లవ కాలమున ప్రాణములు దక్కించుకొని పారిపోయి వచ్చిన పరదేశులు అనేకులు ఉండిరి. వారిని తలచుకొనుటకు అక్కడ బంధువులు లేరు. ఏంజెలా అక్కడ ఎత్తయిన రాతి స్తంభము నిలిపి, ఎండ నీడను బట్టి గంటలు చెప్పు యంత్రము దానికి అమర్చి, చెదిరిపోయిన సమాధుల వారి పేర్లు చెక్కించెను. 1879లో అది పూర్తియాయెను. తన కుటుంబమువారు కాదు, తన సంఘమువారు కూడ కాదు, వారిలో చాలమంది రోమను కతోలికులు. అయినను పేరు లేకుండ పోరాదని ఆమె కోరెను. ఆమె పెట్టించిన రాళ్లన్నిటిలో మాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే.

పరిశుద్ధ గ్రంథములో రెండు జ్ఞాపకములు ప్రక్క ప్రక్కన పెట్టి చూడదగినవి. అబ్షాలోము తనకు కుమారుడు లేడని, బ్రదికియుండగానే తన పేరట ఒక స్తంభము నిలువబెట్టుకొనెను. దొర్కా ఏ స్తంభమును నిలుపలేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురు చుట్టు నిలిచి, ఆమె కుట్టి ఇచ్చిన అంగీలను వస్త్రములను చూపి ఏడ్చిరి. ఒంటి మీద గుడ్డయే అక్కడ శిలాఫలకము. అట్లని పేరు వ్రాయుట గర్వమని మేము తీర్పు తీర్చము. కఫర్నహూములో సమాజమందిరము కట్టించిన శతాధిపతి మంచివాడని యూదుల పెద్దలు ప్రభువుతో సాక్ష్యము చెప్పిరి గదా. ఆ మందిరము మీద అతని పేరు ఉండెనో లేదో లూకా వ్రాయలేదు.

మాతో ఎవరైన కుటుంబము, మా అమ్మ పేరట గుడికి ఏమి చేయుదుమని అడిగినప్పుడు, మేము తిరిగి అడుగు ప్రశ్న ఒకటే: మీ అమ్మగారు ఎవరి కొరకు కష్టపడినది? బీద పిల్లలను దగ్గరకు తీసిన తల్లి అయితే, ఏటేట ఒక పిల్లకు బడి పుస్తకములు కొనవచ్చును. పిడికెడు బియ్యము కానుకను ఇల్లిల్లు తిరిగి ప్రోగు చేసిన తల్లి అయితే, సంఘములో పొయ్యి వెలగని ఇంటికి నెలకు ఇంత బియ్యము అని ఆమె పేరట ఏర్పరచవచ్చును. రోగుల యొద్ద కూర్చున్న తల్లి అయితే ఆసుపత్రికి పోవు వారి బస్సు ఖర్చు పెట్టవచ్చును. ఫ్యానే ఇత్తుమందురా, ఇయ్యుడి, ఎండాకాలము అందరును మిమ్మును దీవింతురు. దానితోపాటు కరెంటు బిల్లులో కూడ ఒక వంతు ఇయ్యుడి.

ఇక ఆ రెండవ షరతు. 1871లో విక్టోరియా రాణి ఏంజెలాకు స్వయముగా బారనెస్ బిరుదు ఇచ్చెను. 1872లో లండను పట్టణపు పౌరసన్మానము పొందెను. అంతకు ముందు ఏ స్త్రీకిని ఆ గౌరవము దక్కలేదు. ఇంత పేరు వచ్చిన తరువాత, తోడుగా ఉండిన హన్నా చనిపోయి ఒంటరియైన ఆమె, 1881 ఫిబ్రవరి 12న, అరువది ఆరేండ్ల వయస్సులో, తన కార్యదర్శియైన ఇరువది తొమ్మిదేండ్ల యువకుని వివాహము చేసికొనెను. పేరు విలియం ఆష్‌మీడ్ బార్ట్‌లెట్. అతడు అమెరికాలో పుట్టినవాడు. రాణి వద్దనెను, బంధువులు వద్దనిరి, స్నేహితులు చాటున నవ్విరి. విల్లు ప్రకారము పరదేశిని వివాహమాడినందున ఆస్తి తనకు రావలెనని అక్క క్లారా దావా వేసెను. రాజీ కుదిరి, ఏంజెలాకు ఆదాయములో అయిదింట రెండు వంతులే మిగిలెను. అంతటితో ఇచ్చు చేయి కొంత చిన్నదాయెను గాని ముడుచుకొనలేదు. భర్త ఆమె ఇంటిపేరు పెట్టుకొని, 1885లో పార్లమెంటుకు ఎన్నికయ్యెను. ఏ స్థానము నుండి అనుకొందురు? మామగారు ముప్పది ఏండ్లు నిలిచిన వెస్ట్‌మినిస్టర్ నుండియే. ఈ వివాహమును గూర్చి మంచి చెడ్డలు చెప్పుట మా పని కాదు. ఇరువది అయిదేండ్లు కలిసి బ్రదికిరి.

1906 డిసెంబరు 30న, తొంబది రెండేండ్ల వయస్సులో ఆమె ప్రభువునందు నిద్రించెను. జీవితకాలములో ఆమె ఇచ్చినది 30 లక్షల పౌండ్లు ఉండునని అంచనా. దేహమును రెండు దినములు ఇంటిలోనే ఉంచగా దాదాపు 30,000 మంది వచ్చి చూచిరి. వారిలో పూలమ్ము పిల్లలు, బండ్లవారు, బడి పిల్లలు ఉండిరి. 1907 జనవరి 5న వెస్ట్‌మినిస్టర్‌లోని ఆ గొప్ప దేవాలయములో, పడమటి వాకిటికి దగ్గరగా, రాజుల మధ్యను కవుల మధ్యను సమాధి చేసిరి. అక్కడ నుండి కొద్ది నిమిషముల నడక దూరములో, రోచెస్టర్ రో వీధిలో, తండ్రి పేరట ఆమె కట్టించిన స్తెఫను దేవాలయములో ఇప్పటికిని ఆరాధన జరుగుచున్నది.

వచ్చే మాసము మన దేశములోనే, పాలయంకోటలో 1785లో ప్రతిష్ఠించబడిన దేవాలయమును కట్టించిన క్లారిందమ్మ అను విధవరాలిని గూర్చి వ్రాయుదుము.